ఊఁ అన్నందుకు శాలువా

నోరు విప్పనివాళ్ళ మొర ఆలకించే వ్యవస్థలు ఈ సృష్టిలో రెండే ఉన్నాయి. మొదటిది భగవంతుడు. రెండోది మా బందరుకు ఇంటర్నెట్ ఇచ్చే త్వరితవాహిని కంపెనీ. మొదటి వ్యవస్థ మీద నాకు ఏళ్ళ తరబడి ఒక సందేహం ఉంది. పెదవి కదపకుండా మనసులో అనుకున్న మాటను ఆయన ఏమని రాసుకుంటాడు? కోరిక అనా, కృతజ్ఞత అనా? బయటినుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి కదా. మా వీధి చివర ఆంజనేయస్వామి గుడి అర్చకులు వెంకటసుబ్రహ్మణ్యంగారిని అడిగితే, "అడక్కూడనివి అడగడానికే మీరు గుడికొస్తారు తాతారావుగారూ" అని తీర్థం పోసి పంపించేశారు. రెండో వ్యవస్థ విషయంలో మాత్రం ఏ సందేహమూ లేదు. అది దేన్నయినా తృప్తి కిందే రాసుకుంటుంది.

ముందు నా సంగతి చెప్పాలి. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేయించి అమ్ముతాను. పనివాళ్ళు నలుగురు. వాళ్ళలో పెద్దవాడు తోమాసు. మెరుగు పెట్టడంలో చెయ్యి తిరిగినవాడు, మాటలో అంతకంటే తిరిగినవాడు. నేను పదో తరగతితో చదువు చాలించాను గనక కంప్యూటరును కళ్ళకద్దుకుని మరీ ముట్టుకుంటాను. అలాంటివాడికి ఇంటర్నెట్ ఎందుకంటే, మా సరుకు ఎక్కువగా కొనేది కోయంబత్తూరు వ్యాపారి ఒకాయన. ఆయనకు నమూనాలు కొరియర్లో పంపేవాళ్ళం. నమూనా ఆయనకు చేరేలోపే అదే డిజైను వేరే ఊళ్ళో అద్దాల బీరువాల్లో మెరవడం మొదలైంది. విసిగిపోయి ఆయన, ఇకమీదట ఫొటోలు తీసి మెయిల్లో పంపితేనే చూస్తానన్నాడు. అలా రెండువేల నాలుగు సంక్రాంతికి త్వరితవాహిని తీగ మా ఇంట్లోకి వచ్చింది.

డెల్టా కాలవల సంగతి తెలిసినవాళ్ళకు ఈ కంపెనీ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. దీని పెద్దాఫీసు గుడివాడలో ఉంది. తీగ అక్కడ పుట్టి, స్తంభాల మీదుగా బందరు వచ్చి, పులిగడ్డ దగ్గర నది దాటి దివిసీమలోకి వెళ్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఎగువవాళ్ళు వాడుకోగా మిగిలిందే శివారుకు. (నీళ్ళయితే కనీసం తేమ చేరుతుంది.)

కనెక్షన్ ఇచ్చిన రోజున మోడెంకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాం. పక్కన ఒక కొబ్బరికాయ ఉంచాను. స్వామీ, ఒక్కసారి నా ఫొటోలు మధ్యలో ఆగకుండా అవతలికి చేరితే ఈ కాయ నీ గుళ్ళో కొడతాను అని మనసులో మొక్కుకున్నాను. ఆ రోజు ఒక వడ్డాణం ఫొటో పంపాను. దాని మధ్యలో లక్ష్మీదేవి ఉంటుంది. కోయంబత్తూరుకు అమ్మవారి కిరీటం వరకే చేరింది. అమ్మవారు ఇంకా దారిలోనే ఉన్నారు.

కాయ మాత్రం మోడెం పక్కనే ఉండిపోయింది. నీళ్ళింకి, కురిడీ అయి, కదిపితే లోపల గుండ్రాయిలా దొర్లేది. గుడికి వెళ్ళినప్పుడల్లా వెంకటసుబ్రహ్మణ్యంగారు, "స్వామివారి కాయ ఎందాకా వచ్చిందండీ?" అని పరామర్శించేవారు. మా ఆవిడ సత్యవతి ఆయనతో చెప్పేసింది. మనసులో మొక్కింది ఆవిడకెలా తెలిసిందంటారా? కొబ్బరికాయను మోడెం పక్కన పెట్టినవాడు ఏం మొక్కుకుని ఉంటాడో తెలుసుకోవడానికి దేవుడే అక్కర్లేదు.

ఇక ఫిర్యాదుల విధానం. దీన్ని రూపొందించిన మహానుభావుడు ఎవరో గాని, గొప్ప వేదాంతి అయి ఉండాలి. నెట్ పనిచేయకపోతే మనం ఫోన్ చేయాలి. వాళ్ళు ఫిర్యాదు రాసుకుంటారు. మర్నాడు పొద్దున ఏడు నుంచి ఎనిమిది మధ్య వాళ్ళే ఫోన్ చేసి, మీ నెట్ బాగైందా అని అడుగుతారు. దీనికి తృప్తి నిర్ధారణ అని పేరు. బాగవలేదని వినియోగదారుడు నోటితో చెబితేనే లైన్‌మాన్ స్తంభం ఎక్కుతాడు. చెప్పకపోతే ఫిర్యాదు దానంతట అదే పరిష్కారమవుతుంది. (సర్కిల్ మొత్తానికి ఒకే ఒక్క నిచ్చెన సరిపోవడం ఈ విధానంలోని విశిష్టత.)

ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. చిక్కల్లా నా దగ్గర ఉంది.

మా నాన్నగారు పోతూ నాకు అప్పగించినవి రెండు: దేవుడి మందసం, మౌనం. దీపం వెలిగించింది మొదలు నైవేద్యం పెట్టేదాకా మాట్లాడకూడదు. ఒక్క వెసులుబాటు ఇచ్చారు. ఊఁ అనొచ్చు. ఊఁకారం ఓంకారానికి దూరపు చుట్టమని ఆయన వాదన. మా ఇంట్లో ఊఁ అంటే ఒక అర్థం కాదు. పొట్టిగా అంటే పువ్వులు చాలలేదని. సాగదీస్తే పాలు పొంగుతున్నాయని. ముక్కుతో అంటే కాస్త ఆగమని. ఇన్నేళ్ళ కాపురంలో సత్యవతి ఒక్కసారి కూడా పొరబడలేదు. త్వరితవాహిని వారికి మాత్రం ఒక్కటే ఊఁ తెలుసు.

ఊహూఁ అనొచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ ఆలోచించాను. నాన్నగారు అనుమతించింది ఊఁ వరకే. పైగా దీపం ఎదురుగా కూర్చుని కాదు, లేదు అనడం మా ఇంటావంటా లేదు.

ఫోన్ తీగ పొడుగు చాలక దేవుడి గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మొదటి ఫిర్యాదు ఇచ్చిన మర్నాడు సరిగ్గా నేను అర్చనలో ఉండగా అది మోగింది. సత్యవతి వంటింట్లో మడిలో ఉంది. ఎడంచేత్తో ఎత్తాను.

"గుడ్ మార్నింగ్ సార్, త్వరితవాహిని నుంచి సుష్మితని. మీ నెట్ బాగైందా సార్?"

ఊఁ అన్నాను. ముక్కుతో. అంటే కాస్త ఆగమ్మా అని.

"థాంక్యూ సార్" అని పెట్టేసింది.

నైవేద్యం అయ్యాక నేనే ఫోన్ చేశాను. ఆ అమ్మాయే ఎత్తింది.

"మీ ఫిర్యాదు ఇవాళ పొద్దున్నే మీ సంపూర్ణ తృప్తితో పరిష్కారమైంది సార్."

"కాలేదమ్మా."

"అయింది సార్. మీరే చెప్పారు."

"అప్పుడు నేను పూజలో ఉన్నానమ్మా."

"చాలా సంతోషం సార్. కొత్త ఫిర్యాదు రాయమంటారా?"

"రాయి తల్లీ. రేపు ఫోన్ మాత్రం తొమ్మిదింటికి చెయ్యి."

"కుదరదు సార్. ఏడు నుంచి ఎనిమిది మధ్య కస్టమర్లు ప్రశాంతంగా ఉంటారని పెద్దాఫీసు వాళ్ళు కనిపెట్టారు."

నిజమే, ఆ వేళ నేను ప్రశాంతంగానే ఉంటాను. వచ్చిన చిక్కంతా అదే.

సత్యవతిని బతిమాలాను. నువ్వు ఎత్తి, లేదు అని ఒక్క మాట చెప్పు చాలన్నాను. ఆవిడ గరిటె దించకుండానే తీర్పు ఇచ్చింది. "వంట మడి, ఫోను మైల. మీకు ఫోనే కావాలంటే చెప్పండి, రేపట్నుంచి నైవేద్యం హోటల్నించి తెప్పిద్దాం."

పూజ వేళ ముందుకు జరిపి చూశాను. ఆ రోజు పూజ ముగించి, ఫోన్ పక్కన కుర్చీ వేసుకుని, గొంతు సవరించుకుని కూర్చున్నాను. అది మోగలేదు. పాలవాడు పిలిస్తే వీధిలోకి వెళ్ళాను. అప్పుడు మోగింది. పరుగెత్తుకొచ్చేసరికి ఆగిపోయింది. దీని గురించి కూడా నిబంధన ఉందని తర్వాత తెలిసింది. ఫోన్ ఎత్తకపోతే అది రెండో తరగతి తృప్తి. అంటే వినియోగదారుడు ఇంటర్నెట్ వాడకంలో ఎంతగా మునిగిపోయాడంటే, ఫోన్ మోగినా వినపడలేదన్నమాట.

అలా పాత డిజైన్ల ఆర్డర్లతోనే నెట్టుకొస్తూ ఒకటిన్నర ఏడాది గడిపాను. లైన్‌మాన్ ఏసుబాబు అప్పుడప్పుడు కోనేరు సెంటర్లో టీ దగ్గర కనపడేవాడు. మా స్తంభం మీద జాయింటు ఉప్పుగాలికి తుప్పు పట్టిందనీ, గీకి తిరిగి బిగిస్తే చాలనీ అతనే చెప్పాడు. "ఎక్కవయ్యా మరి" అంటే, "తృప్తిగా ఉన్నవాళ్ళ స్తంభం ఎక్కకూడదు బాబాయ్, ఉద్యోగం పోద్ది" అన్నాడు. ఉప్పుగాలి సంగతి అతను ఒకసారి పైకి రాశాడట. సముద్రం తమ సర్కిల్ పరిధిలోకి రాదని జవాబు వచ్చిందట.

నా ఒక్కడి బాధే అయితే భరించేవాణ్ణి. కాని ఆషాఢం వస్తోంది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, కొట్టుకు మనిషి రాడు. ఆ నెల పనివాళ్ళ చేతికి పని ఉండాలంటే శ్రావణం పెళ్ళిళ్ళ సరుకు ముందే ఆర్డరు రావాలి. కోయంబత్తూరు ఆయన శుక్రవారం సాయంత్రం లోపు కొత్త డిజైన్ల ఫొటోలు చేరితే చూస్తానన్నాడు, లేకపోతే ఆర్డరు వేరేవాళ్ళకు ఇచ్చేస్తానన్నాడు. ఫొటోలు సీడీలో సిద్ధంగా ఉన్నాయి. బందరులోని నెట్ సెంటర్లన్నీ తిరిగాను. అన్నీ త్వరితవాహిని తీగ మీద బతుకుతున్నవే. వాటి యజమానులు కూడా తృప్తులే.

సోమవారం తోమాసు మెరుగు బల్ల దగ్గర నుంచి లేవకుండానే అడిగాడు.

"ఆర్డరు వచ్చినట్టా, రానట్టా తాతారావుగారూ?"

"ఫొటోలు వెళ్తే వస్తుంది."

"అయి ఎప్పుడు వెళ్తాయంట?"

"నెట్ వస్తే వెళ్తాయి."

"అదెప్పుడొస్తదంట?"

"నేను రాలేదని చెబితే వస్తుంది."

తోమాసు చేతిలోని నగను బల్ల మీద పెట్టాడు. "మా బావమరిది నాగాయలంకలో చెరువుల మీదికి రమ్మంటున్నాడండీ. ఈ ముగ్గుర్ని కూడా తెమ్మన్నాడు. రొయ్యకి మేతేస్తే చాలంట, మెరుగు పెట్టక్కర్లేదంట."

"వెళ్తే మళ్ళీ వస్తావా?"

"రొయ్య వదిల్తే వస్తానండీ."

చెరువుల మీదికి వెళ్ళినవాడు తిరిగి నగల పనికి రావడం చిలకలపూడిలో ఇంతవరకూ జరగలేదు. ఉప్పునీళ్ళలో నానిన వేళ్ళకు సన్నపని పట్టుబడదు. నలుగురూ వెళ్ళిపోతే నాకు మిగిలేది అద్దాల బీరువా, బొట్టు పెట్టిన మోడెం.

"మీరు పొద్దున ఆ పిల్లకి ఒక్క మాట చెప్పేయండి సార్" అన్నాడు తోమాసు. "దేవుడేమీ అనుకోడు. మా పాస్టరుగారు ప్రార్థన మొదలెడితే ఫోనే బయపడి మోగదు. మైకు పెడతారు గదా. మీ పూజలో సౌండు తక్కువైపోయింది."

ఆ సాయంత్రమే ఇంకో ఫిర్యాదు రాయించి, రాత్రి నాన్నగారి పటం ముందు నిలబడి క్షమాపణ చెప్పుకున్నాను. మంగళవారం ఉదయం దీపం వెలిగించాను. అష్టోత్తరం సగంలో ఫోన్ మోగింది. పువ్వులు పళ్ళెంలో పెట్టి ఎత్తాను.

"గుడ్ మార్నింగ్ సార్, సుష్మితని. మీ నెట్ బాగా పనిచేస్తోందా సార్?"

"లేదమ్మా" అన్నాను.

వంటింట్లో గరిటె కిందపడిన చప్పుడైంది.

"ఎవరండీ మాట్లాడేది?" అంది సుష్మిత.

"నేనేనమ్మా, తాతారావుని."

"తాతారావుగారు మాట్లాడరండీ."

"ఇదిగో, మాట్లాడుతున్నాను కదా."

"మా దగ్గర రాసుంది సార్. ఈ కస్టమరు ఊఁ అంటారు అని. మీరు వాళ్ళ బంధువులా?"

"నేనే అతన్నమ్మా. ఇన్నాళ్ళూ పూజలో ఉండి మాట్లాడలేదు. నెట్ పనిచేయడం లేదు. అసలు ఎప్పుడూ పనిచేయలేదు. ఏసుబాబుని స్తంభం ఎక్కమని చెప్పు."

"సారీ సార్. వేరేవాళ్ళు చెప్తే రాసుకోకూడదు. కస్టమరే చెప్పాలి." ఆ అమ్మాయి గొంతులో నిజంగానే జాలి ఉంది. "పోనీ ఒక పని చేయండి సార్. ఒక్కసారి ఊఁ అనండి, గుర్తుపడతాను."

ఏం చేయను? ఊఁ అన్నాను.

"ఆఁ, నమస్తే తాతారావుగారూ! ఎవరో మీ పేరు చెప్పి మాట్లాడుతున్నారు సార్, జాగ్రత్త. నెట్ బాగుందన్నమాట. థాంక్యూ సార్."

మౌనం పోయింది, నెట్ రాలేదు. సత్యవతి వంటింటి గుమ్మంలో నిలబడి, "మాట్లాడారా?" అంది.

ఊఁ అన్నాను. దానికి ఏ అర్థమూ లేదు. ఆవిడకది కూడా అర్థమైంది.

బుధవారం మధ్యాహ్నం ఏసుబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఇంటికి వచ్చాడు. నా ప్రాణం లేచొచ్చింది. అతను జేబులోంచి బంగారు అంచు ఉన్న కార్డు తీసి రెండు చేతులతో అందించాడు. త్వరితవాహిని వారు శుక్రవారం గుడివాడలో ఒక కల్యాణమండపంలో సంతృప్త వినియోగదారుల సన్మాన సభ జరుపుతున్నారు. బందరు నుంచి ఉత్తమ సంతృప్త వినియోగదారుడిగా నన్ను ఎంపిక చేశారు.

"ఏసూ, ఎలాగూ వచ్చావు. ఆ జాయింటు చూసిపో నాయనా" అన్నాను.

"తప్పు బాబాయ్. ఇయ్యాళ లైన్‌మాన్‌గా రాలేదు నేను. ఆహ్వాన కమిటీ మెంబరుగా వచ్చాను. చూడు, నిచ్చెన కూడా తేలేదు."

"నాకు సన్మానం వద్దు. నెట్ కావాలి."

"నెట్ ఉన్నోళ్ళని సన్మానానికి పిలవట్లేదు బాబాయ్. ఆళ్ళంతా రోజూ ఏదో ఒకటి అంటానే ఉంటారు. నీకులాగా తృప్తిగా ఉన్నోళ్ళు సర్కిల్ మొత్తంలో పదిమంది లేరు."

అతను వెళ్ళాక కార్డు తోమాసుకు చూపించాను. తోమాసు కూడబలుక్కుని చదివి, ఒకచోట వేలు పెట్టాడు. జ్యోతి ప్రజ్వలనకూ సన్మానానికీ మధ్యలో, ఉత్తమ వినియోగదారుని చేతుల మీదుగా ప్రత్యక్ష వేగ ప్రదర్శన, అని ఉంది.

"వేగం అంటే ఏందండీ? నెట్టేగా?"

"నెట్టే."

"అయితే ఆ సీడీ జేబులో ఏసుకుని వెళ్ళండి. మేం శుక్రవారం దాకా చూస్తాం. శనివారం పొద్దున నాగాయలంక బస్సు."

శుక్రవారం పాసింజరు బండిలో గుడివాడ వెళ్ళాను. సీడీని పంచె మడతల్లో కాదు, చొక్కా లోపలి జేబులో గుండెకు ఆనించి పెట్టుకున్నాను. మండపంలో సన్మాన గ్రహీతలకు ముందు వరస. నా పక్కన పామిడిముక్కల నుంచి వచ్చిన రైతు బాబూరావుగారు. కుశల ప్రశ్నలయ్యాక, ఆయనకు కూడా నెట్ రాదని తెలిసింది. "మరి ఫోన్ చేసినప్పుడు చెప్పలేదా అండీ?" అన్నాను. "ఆ టైములో వేపపుల్ల నోట్లో ఉంటదండీ" అన్నాడాయన. ఆయన పక్కన ఘంటసాల వెంకటరత్నమ్మగారు పొద్దున్నే లక్ష నామ జపంలో ఉంటారట. ఆవిడ పక్కన అవనిగడ్డ కిళ్ళీ కొట్టు యజమాని ఉన్నాడు. ఏ వేళయినా నోరు నిండుగానే ఉంటుంది గనక ఆయన్ను కారణం అడగలేదు. ఆయన మా అందరికీ నమస్కారం చేసి, ఊఁ అన్నాడు.

సర్కిల్ తృప్తి నిర్ధారణాధికారి మల్లికార్జునరావుగారు సభకు అధ్యక్షులు. తెల్లటి సఫారీ, చేతిలో మైకు. డెల్టాలో తృప్తి శాతం గత ఏడాది తొంభై ఎనిమిది నుంచి ఈ ఏడాది నూట రెండుకు పెరిగిందని ప్రకటించారు. (పైన ఉన్న రెండు శాతం ఇంకా కనెక్షన్ తీసుకోనివాళ్ళు.) తర్వాత నన్ను వేదిక మీదికి పిలిచి, రెండు మాటలు మాట్లాడమన్నారు.

మౌనం ఎలాగూ మంగళవారమే పోయింది. మైకు పట్టుకున్నాను.

"అయ్యా, మా ఇంట్లో నెట్ పెట్టి ఏడాదిన్నర అయిందండీ. ఒక్కరోజు కూడా పనిచేయలేదు. ఫిర్యాదు చేస్తే పరిష్కరించామంటున్నారు. మనిషిని పంపించడం లేదు. నా పనివాళ్ళు నలుగురు రేపు ఊరు విడిచి వెళ్ళిపోతున్నారు."

మల్లికార్జునరావుగారు చిరునవ్వుతో మైకు తీసుకున్నారు.

"విన్నారా! సామాన్య కస్టమరు పొగుడుతాడు. తృప్తి పరాకాష్ఠకు చేరినవాడు ఇలా చమత్కరిస్తాడు!"

చప్పట్లు మోగాయి. ముందు వరసలో బాబూరావుగారు కూడా కొట్టారు. ఎందుకండీ అని కళ్ళతోనే అడిగాను. అందరూ కొడుతున్నారని ఆయన కూడా కళ్ళతోనే చెప్పారు.

అప్పుడు వేగ ప్రదర్శన. వేదిక మీద ఒక కంప్యూటరు, వెనక గోడకు పెద్ద తెర. నడిపే కుర్రాడి పేరు కిరణ్. "సార్, సూర్యోదయం బొమ్మ ఒకటి ఉంది, పంపిద్దామా?" అన్నాడు.

"నా దగ్గర వడ్డాణాలున్నాయి బాబూ" అని సీడీ తీసిచ్చాను.

కిరణ్ అధికారి కేసి చూశాడు. "ఉత్తమ వినియోగదారుడు ఏం కోరితే అది!" అన్నారాయన మైకులోనే. అడ్రసు నేనే చెప్పాను. కిరణ్ ఏదో నొక్కాడు. అంతే, తెర నిండా మా వడ్డాణం. లక్ష్మీదేవి కిరీటం, ముఖం, అభయహస్తం, పద్మం, ఏనుగులు, ఒక్క పూస తగ్గకుండా. దాని వెనక కాసులపేరు, మామిడిపిందెల గొలుసు, జుమికీలు, అరవంకీలు. ఒకదాని తర్వాత ఒకటి గోదారి పడవల్లా సాగిపోయాయి. ఏ ఒక్కటీ ఆగలేదు. అప్పటిదాకా భోజనాల సంగతి మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా తెర వైపు తిరిగారు. "ఆ పిందెల గొలుసు ఎంతండీ?" అని ఎవరో వెనకనుంచి గట్టిగా అడిగారు.

నెట్ అంటే ఇలా ఉంటుందా అనుకున్నాను. ఇంత వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందని కిరణ్‌ను మెల్లగా అడిగాను. "ఇవాళ సర్కిల్ మొత్తం లైన్లన్నీ ఆపి స్టేజీ మీదికి మళ్ళించాం సార్" అన్నాడు. వేసవిలో మంత్రిగారి చేనికి లాకులు ఎత్తినట్టు. ఆ కాసేపు బందరులో, దివిసీమలో ఎక్కడా నెట్ లేదన్నమాట. అంతకుముందూ లేదు గనక ఎవరూ గమనించలేదు.

ఇంకా శాలువా కప్పకముందే తెర మీద జవాబు వచ్చింది. కోయంబత్తూరు నుంచి. డిజైన్లు నచ్చాయి, శ్రావణం సరుకు మొదలుపెట్టండి. మల్లికార్జునరావుగారు అది చదివి వినిపించి, "చూశారా, పొరుగు రాష్ట్రంలో కూడా తృప్తి!" అన్నారు. నాకు శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. ఉత్తమ వినియోగదారుడికి కానుకగా మా ఇంటి కనెక్షన్ వేగాన్ని ఆ రోజు నుంచి రెండింతలు చేస్తున్నట్టు ప్రకటించారు.

సాయంత్రం తోమాసు రైలు స్టేషను దగ్గరే ఎదురుచూస్తున్నాడు. భుజం మీది శాలువా చూసి ముఖం ముడుచుకున్నాడు. జవాబు సంగతి చెప్పాను.

"మొత్తం వెళ్ళినాయా?"

"ఏనుగు తొండంతో సహా."

"అయితే రొయ్యకి రానని కబురెట్టేస్తానండీ" అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "వచ్చే ఆషాఢానికి కూడా సన్మానం ఉంటదా అండీ?" అన్నాడు.

శనివారం ఉదయం దీపం వెలిగించాను. పోయిన మౌనానికి ప్రాయశ్చిత్తంగా మరో అష్టోత్తరం కలుపుకున్నాను. ఫోన్ మోగింది. "సార్, నిన్న స్టేజీ మీద ఎవరో మీ బదులు మాట్లాడారంట, భలే నవ్వించారంట సార్. రెండింతలు చేసిన నెట్ బాగుందా?" అంది సుష్మిత. మోడెం మీద ఒక్క దీపమూ వెలగడం లేదు. ఊఁ అన్నాను. రెండింతల ఊఁ.

పూజ ముగించుకుని గుడికి వెళ్ళాను. కురిడీ చూసి వెంకటసుబ్రహ్మణ్యంగారు, "ఇది స్వామికి పనికిరాదు, పచ్చడికి పంపండి" అన్నారు. కొత్త కాయ కొన్నాను.

"అయితే నెట్ వచ్చిందన్నమాట."

"లేదండీ. ఇంట్లో మామూలే. గుడివాడలో ఒక్కసారి వచ్చి వెళ్ళింది."

ఆయన కాయ చేతిలోకి తీసుకుని ఆగారు. "మొక్కులో బందరు అని అన్నారా?"

"అనలేదండీ. ఒక్కసారి ఆగకుండా చేరితే చాలన్నాను."

"చేరాయిగా. అయితే కాయ బాకీ పడినట్టే. ఇంకెప్పుడైనా మొక్కుకునేటప్పుడు ఊరు, వీధి, స్తంభం నంబరు వివరంగా చెప్పుకోండి."

కొట్టాను. సమంగా రెండు చెక్కలైంది. ఏడాదిన్నర బాకీ తీరింది. చేతులు జోడించి, పెదవి కదపకుండా, స్వామీ, నువ్వు తృప్తిగా ఉన్నావా అని అడిగాను. స్వామి ఏమీ అనలేదు. హారతి కొండెక్కేదాకా నిలబడి చూశాను. ఊఁ అని కూడా అనలేదు.

నిబంధనల ప్రకారం సంపూర్ణ తృప్తి కింద రాసుకుని ఇంటికి వచ్చేశాను.